తలుపు తీసినవాడు ఆమెను చూసి

పొద్దున్నే లేచి మైదాపిండి ఉడికించడం అతని మొదటి పని. తినడానికి కాదు, పుస్తకాల వీపులకు పూయడానికి. నీళ్ళు మరిగాక పిండి కొద్దికొద్దిగా పోస్తూ, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, ఉండ కట్టకుండా కలుపుతూనే ఉండాలి. ఒక్క నిమిషం ఏమారితే దేనికీ పనికిరాని ముద్దవుతుంది. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో అతను చాలాసార్లే ఏమారాడు. కానీ ఆ ముద్దల సంగతి లైబ్రరీ వెనక గది దాటి బయటికి రాలేదు.

ఊళ్ళో అతన్ని అందరూ అట్టలాయన అంటారు. లైబ్రరీలోని తొమ్మిది వేల పుస్తకాల్లో అతని చేతి కుట్టు పడనిది దాదాపు లేదు కాబట్టి, అతను చదవని పుస్తకమే లేదని ఊరు తీర్మానించేసుకుంది. అతను కాదనలేదు. మొదట్లో మొహమాటం వల్ల, తర్వాత అలవాటు వల్ల, ఈమధ్య కళ్ళజోడు వల్ల. అంత లావు కళ్ళజోడు పెట్టుకున్నవాడు "నేనేం చదవలేదండీ" అంటే ఎవరు నమ్ముతారు? నిజానికి అతను చదివేది పేజీల అడుగున ఉండే అంకెల్ని. పదహారు పేజీలు కలిస్తే ఒక ఫారం. ఫారాలు వరసలో ఉన్నాయో లేదో చూసుకుని, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టేయడం. ఆ లెక్కన సాహిత్యాన్నంతా ఒకటి నుంచి మూడువందల ఇరవై దాకా క్షుణ్ణంగా చదివినవాడు ఊళ్ళో అతనొక్కడే.

"ఈ నవల ఎలా ఉంటుందండీ?" అని ఎవరైనా అడిగితే, "మొదట్లో కాస్త నెమ్మది. పోనుపోను పట్టేస్తుంది" అనేవాడు. ఆ మాట ఏ పుస్తకానికైనా సరిపోయింది. ఎవరూ వెనక్కి వచ్చి దెబ్బలాడలేదు.

ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఉన్నట్టే అతని ఇంట్లోనూ వీధి తలుపు పక్కన ఒకావిడ నిలబడి ఉండేది. పెద్ద నవల్లో ఆవిడ. ఆ నవలకి అట్ట మీద వేరే పేరుంది గానీ, ఊళ్ళో అందరూ పెద్ద నవల అనే అంటారు. అచ్చేసిన ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. ఊరంతటికీ లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీయే గతి. నూటతొంభై రెండో పేజీ దాకా చదివినవాళ్ళ ఇంటికి ఆ రోజే ఆవిడ వచ్చి తలుపు తడుతుంది. తీస్తే, నిలువెల్లా తడిసి, చేతిలో చిన్న సంచీతో ఒక్క అడుగు లోపలికి వేసి ఆగిపోతుంది. ఇక కదలదు, పలకదు. బట్టల అంచు నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. మొదటి రోజు ఎవరైనా తుండుగుడ్డ ఇస్తారు. రెండో రోజు కింద బకెట్ పెడతారు. మూడో రోజు నుంచి గొడుగులు ఆవిడ చేతికే తగిలిస్తారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు "రెండు గదులు, వంటిల్లు, ఆవిడ ఉంది" అని ముందే చెప్పేస్తారు, తర్వాత మాట రాకుండా.

అట్టలాయన ఇంటికి ఆవిడ వచ్చింది అతని కోసం కాదని వేరే చెప్పక్కర్లేదు. చదివింది అతని భార్య. ఆమెది కుట్టుపని. తలుపు దగ్గరి గదిలోనే మిషను. పగలంతా చొక్కాలూ గౌనులూ కుట్టి, పని అయ్యాక పుస్తకం పట్టుకుని కూర్చునేది. పందొమ్మిదేళ్ళ కిందట పెద్ద నవల చదివినప్పుడు అతనే గొప్పగా అడిగాడు, "ఎలా ఉంది? పోనుపోను పట్టేసిందా?" అని.

"ఆవిడ ఇంకా నిలబడే ఉందిగా," అంది భార్య తలుపు వైపు చూస్తూ. "కూర్చోనీండి. తర్వాత చెప్తాను."

ఆవిడ కూర్చోలేదు. భార్య ఏటేటా ఆ పుస్తకం తెచ్చుకుని ఆ ఒక్క పేజీ మళ్ళీ చదివేది. చదివి, ఆవిడ జుట్టు తుడిచి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని మిషను కబుర్లు చెప్పేది. ఇద్దరే ఉండే ఇంట్లో ముగ్గురున్నట్టు ఉండేది అతనికి. ఆ ముగ్గురిలో తను మూడోవాడు.

నెల రోజుల కిందట ఒక సాయంత్రం భార్య పెరట్లోంచి వస్తూ, "ఏమండీ, తీగ మీద బట్టలు తీసి..." అంది.

"తీసి?"

ఆమె అతని వంక చూసింది.

"తీసి మడత పెట్టావా, తీసి లోపల పడేయమంటావా?"

ఆమె మిషను దగ్గరికి పోయి కూర్చుంది. మర్నాడు "దుకాణానికి వెళ్ళి..." అంది. ఆ తర్వాత రోజు "గోళీలు వేసుకుని..." అంది. మొదటి వారం అతనికి హాయిగానే ఉందని ఒప్పుకోవాలి. పెళ్ళాం మాటల చివర క్రియలు తగ్గితే మొగుడికి పనులు తగ్గుతాయి. వెళ్ళి అన్న చోట ఆగిపోతే వెళ్ళనక్కర్లేదు.

రెండో వారానికి ఆ హాయి పోయింది. ఆమె కుట్టిన చొక్కాలకు ఒక చెయ్యే ఉంటోంది. గుండీకి నాలుగు కన్నాలుంటే రెంటిలోనే దారం పడుతోంది. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోతోంది. అతనే చెయ్యి పట్టి లోపలికి పెట్టాల్సొస్తోంది. మూడో వారంలో ఒక పొద్దున ఆమె బట్టల అంచు తడిగా ఉంది. ముట్టుకుంటే బావినీళ్ళలా చల్లగా తగిలింది. ఆమె మిషను వదిలేసి, తలుపు పక్కన, ఆవిడ పక్కన నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచీ కూడా ఉంది.

పక్కింట్లో ఉండే మాస్టారు వ్యాకరణం చెప్పి రిటైరైనవాడు. వచ్చి, కాసేపు ఆమెను మాట్లాడించి చూసి, నిట్టూర్చాడు.

"ఇవన్నీ అసమాపక క్రియలయ్యా. వచ్చి, చేసి, చూసి. ఇవి వాక్యాన్ని ఎత్తుకుంటాయి గానీ దించవు. దించాలంటే చివర్లో ఇంకో క్రియ రావాలి. మీ ఆవిడ పాపం ఎత్తుకునే ఉంది."

"మందేమైనా ఉందా మాస్టారూ?"

"వ్యాకరణానికి మందేమిటి? ఇది అంటుకున్నది. ఎవరి దగ్గర అంటుకుందో నీ ఎదురుగానే ఉంది." మాస్టారు తలుపు పక్క ఆవిడను చూపించాడు. "ఆవిడ వాక్యం తెగకపోతే మీ ఆవిడా ఆ వాక్యంలోనే పోతుంది. ఇవాళ గడప లోపలుంది. రేపు దాటితే ఎక్కడ వెతుకుతావు?"

"ఆవిడ అందరిళ్ళల్లోనూ ఉంది. మీ ఇంట్లోనూ ఉంది. మా ఆవిడకే ఎందుకిలా?"

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "మేమంతా చదివి మెచ్చుకున్నామయ్యా. మీ ఆవిడ చదివి ఎదురుచూసింది."

ఆ వారంలోనే లైబ్రరీలో కొత్త లైబ్రేరియన్ మేడమ్ గోడకొక పెద్ద కాగితం అంటించింది. ఈ ఊరి పిల్లే, చదువుకుని తిరిగొచ్చింది. కాగితం నెత్తిన ఎర్రసిరాతో "అంత పేరు అక్కర్లేని నవలలు" అని రాసింది. "గొప్పవని అందరూ అంటారు, తీరా చదివితే తేలిపోతాయి. అవేవో రాయండి. మీ పేరు వేయక్కర్లేదు" అని కింద చిన్నక్షరాల్లో.

పేరు వేయక్కర్లేదనేసరికి ఊరికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. నాలుగు రోజుల్లో కాగితం నిండి, పక్కన ఇంకోటి అంటించాల్సొచ్చింది. ఎక్కడ చూసినా పెద్ద నవలే. చిరిగిన నిఘంటువు ఒకటి చంకలో పెట్టుకుని అటుగా పోతూ అట్టలాయన ఆగి చదివాడు. అంకెలు కానివి అతను అంతసేపు చదవడం అదే మొదలు.

"నూటతొంభై రెండో పేజీ దాకా బంగారం. తర్వాత ఒకటే తేనెటీగలు."

దాని కింద పచ్చసిరాతో: "తేనెటీగలే ఈ నవలకు ప్రాణం. రాణి ఈగ ఎవరో తెలియనివాళ్ళు బొమ్మల పుస్తకాలు చదువుకోండి."

దాని కింద పెన్సిలుతో: "రాణి ఈగ ఆవిడేనని నాకు మొదటిసారే తెలిసింది. అయినా విసుగే."

"పొగ పెట్టడం గురించి ఏడు పేజీలా?"

అన్నిటికన్నా అడుగున, గుండ్రటి అక్షరాల్లో, మాస్టారి చేతిరాత: "పందొమ్మిదేళ్ళుగా మెచ్చుకుంటున్నాను. ఇక నా వల్ల కాదు."

అట్టలాయన చంకలోంచి నిఘంటువు జారి పాదం మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు. తేనెటీగలన్న మాట ఎక్కడో కుట్టింది. తిన్నగా అరల దగ్గరికి పోయి పెద్ద నవల తీసి, వెనక గదిలో తలుపేసుకుని నూటతొంభై రెండో పేజీ తెరిచాడు. ముందరి పేజీలన్నీ జనం వేళ్ళకు నల్లబడి ఉన్నాయి. ఆ తర్వాతవి తెల్లగా, కొత్తగా ఉన్నాయి. అతను ఆ పేజీ చివరి వాక్యం చదివాడు.

"తలుపు తీసినవాడు లాంతరు పైకెత్తి, వానలో నిలబడ్డ ఆమెను పైనుంచి కిందిదాకా చూసి"

పక్క పేజీ నూటతొంభై మూడు.

"పొగ కొద్దికొద్దిగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే ఈగలు రెచ్చిపోతాయి."

అతను కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చదివాడు. మళ్ళీ పొగే వచ్చింది.

గుర్తొచ్చింది. కొత్తగా వచ్చినప్పుడే ప్రెస్సువాళ్ళ కుట్టు వదులుగా ఉందని, జనానికి ఇవ్వకముందే నవలను విప్పింది తనే. అదే వారం తేనెటీగల పెంపకం మీద ఒక పుస్తకం వచ్చింది. అదీ అదే కొలత, అదే రకం కాగితం, అవే ఇరవై ఫారాలు. రెండూ విప్పి బల్ల మీద పక్కపక్కన పరిచి, పన్నెండేసి ఫారాలు పేర్చి, భోజనానికి వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చాక పదమూడో ఫారం ఎత్తి చూస్తే నూటతొంభై మూడు. అంకె కలిసింది. కుట్టేశాడు. తేనెటీగలు కుడితే ఒకరికి వాస్తుంది. తను కుట్టింది ఊరంతటికీ వాచింది.

పుస్తకం చంకన పెట్టుకున్నాడు. మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మేడమ్, పెద్ద నవల్లో చిన్న పొరపాటు జరిగింది."

"ఎప్పుడు?"

"పందొమ్మిదేళ్ళయింది."

అంతా విన్నాక మేడమ్ చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉండిపోయింది. "అంటే ఊరంతా చదివింది..."

"సగం నవల, సగం తేనెటీగల పెంపకం మేడమ్."

"నేను కాలేజీలో ఈ నవల మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నాను."

"ఈగల గురించి రాశారా?"

"ఈగల గురించే రాశాను," అంది మేడమ్ నీరసంగా.

అతను చెప్పాల్సింది ఇంకా ఉంది. పొరపాటు సంగతి సరే, తన ఇంట్లో భార్య సంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ వాక్యం చివరి మాట ఇవాళే కావాలి. మేడమ్ ఇంకేమీ అడక్కుండా పాత రిజిస్టర్లు దింపింది. తేనెటీగల పెంపకం పందొమ్మిదేళ్ళ కిందట ఒకే ఒకసారి బయటికి వెళ్ళింది. తిరిగి రాలేదు. తీసుకున్నతని చిరునామా: బస్సు ఆగే ఆఖరి చోటు, రాళ్ళ క్వారీ వెనక.

బస్సు దిగి క్వారీ చుట్టి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పొదల మధ్య పద్నాలుగు చెక్కపెట్టెలు. ఒక ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఒక్కో పెట్టె ముందూ వంగి ఏదో చెప్తున్నాడు.

"అయ్యా, నేను తేనె తీసేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. నావల్ల మీకే ఇబ్బందీ ఉండదు." అని, పక్క పెట్టె దగ్గరికి జరిగి మళ్ళీ, "అయ్యా, నేను తేనె తీసేవాణ్ణి..."

పద్నాలుగూ అయ్యేదాకా అట్టలాయన ఆగాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. తేనెటీగలాయన నొచ్చుకున్నాడు.

"ఇచ్చేయాలనే అనుకున్నానండీ. చేతులు రాలేదు. మంచి పుస్తకం. ముందు భాగం కొంచెం నస, పెట్టె కొలతలూ అవీ. సగం నుంచి అందుకుంటుంది. ఒకావిడ వస్తుంది చూడండీ..."

"తేనెటీగల పుస్తకంలోకి ఆవిడెందుకొచ్చిందని అనుకోలేదా?"

"రాసినాయనకి ఏదో బాధ ఉండుంటుంది, ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి కదా అనుకున్నాను."

అట్టలాయన పుస్తకం అందుకుని నూటతొంభై మూడో పేజీ తీశాడు. పేజీ నెత్తిన ఉన్నది ఒకే ఒక్క మాట.

"గుర్తుపట్టలేదు."

"ఇంతేనా?" అన్నాడు. పందొమ్మిదేళ్ళు ఊరంతా బకెట్లు పెట్టింది ఈ ఒక్క మాట కోసమా?

"అంతే. కానీ దాంతోనే ఆవిడ బతికిపోయింది," అన్నాడు తేనెటీగలాయన. "గుర్తుపట్టుంటే ఆ ఇంట్లోనే పడి ఉండేది. వాడు గుర్తుపట్టలేదు, ఆవిడ వెనక్కి తిరిగింది. రేవులో పని చూసుకుంది. చివర్లో ఒకచోట నవ్వుతుంది కూడా. ఎందుకో రాయలేదు. అన్నట్టు, దీన్ని పైకి చదువుతారా మీరు?"

"చదవాలి. ఆవిడకి వినిపించాలి."

"అయితే ఎవరూ పక్కన లేకుండా చూసుకోండి." ముసలాయన పెట్టెల వైపు తిరిగాడు. "నేను చదివినప్పుడు చేతిలో పొగగొట్టం ఉంది. 'పెట్టె మూత తీసే ముందు పొగగొట్టం ముట్టించి' అని ఉంది. పేజీ తిప్పి, 'గుర్తుపట్టలేదు' అని పైకే చదివేశాను. ఆ రోజు నుంచి ఈగలు నన్ను గుర్తుపట్టవు. పొద్దున్నే మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాలి."

"అది ఈగల గురించి కాదుగా!"

"ఎవరి గురించో అందులో రాసి లేదుగా. గుర్తుపట్టాడంటే మగవాడు. గుర్తుపట్టిందంటే ఆడమనిషో, ఈగో. గుర్తుపట్టలేదంటే? నేను, నువ్వు, ఆవిడ, వాడు, ఎవరికైనా అతుక్కుంటుంది. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళకి."

అతుక్కోవడం గురించి తనకొకరు చెప్పాల్సిరావడం ముప్పై రెండేళ్ళలో అదే మొదలు. అట్టలాయన పుస్తకం మూశాడు. "కష్టంగా లేదా మీకు?" అన్నాడు.

"మొదట్లో తెగ కుట్టేవి. ఇప్పుడలవాటైంది. రోజూ కొత్తగా మంచివాణ్ణనిపించుకోవాలి, అంతేగా. నయం, నాకు పెళ్ళి కాలేదు."

తిరుగు బస్సులో అతను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఆమె వినకుండా చదవాలి. ఆమెను మాస్టారింట్లో కూర్చోబెట్టి చదవాలి. కుదరకపోతే చెవుల్లో దూది పెట్టాలి. అదీ కుదరకపోతే? ముప్పై ఏళ్ళ కాపురం. ఆమె తనను ఎన్నోసార్లు మెచ్చుకోలేదు, నమ్మలేదు, ఒక్కోసారి పలకరించలేదు. గుర్తుపట్టకపోవడం మాత్రం ఇంతవరకూ లేదు. చీకట్లో వచ్చినా అడుగుల చప్పుడు విని "మీరేనా" అనేది.

ఇంటి దగ్గర మాస్టారు వీధిలోనే ఎదురొచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"త్వరగా రావయ్యా! మీ ఆవిడ ఒక కాలు గడప బయట పెట్టి..." అని ఆగిపోయాడు. కళ్ళు పెద్దవి చేసుకుని గొంతు పట్టుకున్నాడు. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చి, "పెట్టి నిలబడింది! నిలబడింది! హమ్మయ్య. నాక్కూడా అంటుకుంటోంది, నేను పోతాను. పోతాను. పోతున్నాను," అంటూ క్రియలు లెక్కపెట్టుకుంటూ ఇంట్లోకి దూరి తలుపేసుకున్నాడు.

భార్య నిజంగానే గడప మీద ఉంది. ఒక కాలు లోపల, ఒకటి బయట. జుట్టు తడిసి బుగ్గలకు అంటుకుంది. ఆవిడ చెయ్యి ఆమె చేతిలో ఉంది. ఇద్దరి సంచీల నుంచీ నీళ్ళు ఒకే లయలో కారుతున్నాయి. ఏ చుక్క ఎవరిదో తెలియడం లేదు.

అతను చేతులు విడదీయబోయాడు. రాలేదు. ఆరిపోయిన పేస్టును ఎలా ఊడదీయాలో తెలిసినవాడే. కాగితమైతే ఆవిరి పడతాడు, లేకపోతే చింపుతాడు. ఇక్కడ ఏం చింపుతాడు?

"చెవులు మూసుకో," అన్నాడు భార్యతో. "నా మాట విను. ఒక్క నిమిషం, గట్టిగా మూసుకో."

ఆమె ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తింది. చెవిదాకా తెచ్చి... అక్కడ ఆగిపోయింది.

దూది కోసం మిషను సొరుగులన్నీ లాగాడు. గుండీలు దొరికాయి, సూదులు దొరికాయి, కొలతల టేపు దొరికింది. దూది దొరకలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి లోపలి కాలి మడమ లేచింది.

అప్పుడతనికి తన వృత్తికి తగిన ఉపాయం తట్టింది. ఇన్నేళ్ళూ చదవని పుస్తకాల గురించి ఊరికి చెప్పింది అబద్ధాలే కదా. ఇంకొక్కటి చెప్తే ఏం పోయింది? మగవాడి క్రియగా మార్చి చదివితే అది నవల్లో తలుపు తీసినవాడికే అతుక్కుంటుంది, ఇంట్లోవాళ్ళకు ఏమీ కాదు. పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, "గుర్తుపట్టాడు," అని చదివాడు.

ఆవిడ మొట్టమొదటిసారి తల తిప్పి అతని వంక చూసింది. కోపంగా ఏమీ కాదు. అద్దెకొచ్చినవాళ్ళు ఇంటివాడి అబద్ధాన్ని విని ఊరుకున్నట్టు చూసింది. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మడమ ఇంకొంచెం లేచింది.

అతను భార్య ముఖం చూశాడు. ఆ కళ్ళకు అతను ఇంకా తెలుసు. చెవి దగ్గర ఆగిపోయిన చేతి వేళ్ళు, చెప్పొద్దనో చెప్పమనో, కొంచెం కదిలాయి. ఆ సైగకు చివరి మాట కూడా ఆమె దగ్గర లేదు.

"ఇదిగో," అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆమెను పిలిచే పిలుపు అదే. "నేనే. ఇక్కడే ఉంటాను."

తర్వాత పుస్తకంలో ఉన్నదున్నట్టు చదివాడు.

"గుర్తుపట్టలేదు."

ఆవిడ ఊపిరి వదిలింది. ఎంతో దూరం మోసుకొచ్చిన బరువు ఎవరో అందుకున్నట్టు భుజాలు దిగాయి. భార్య చెయ్యి వదిలి, సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, గడప దాటి, మెట్లు దిగి, ఎండలోకి వెళ్ళిపోయింది. ఎదురింట్లోంచీ ఆవిడే దిగింది. మాస్టారి ఇంట్లోంచీ, మూలమీది మందుల కొట్టు మేడ మీది నుంచీ ఆవిడే. వీధి పొడవునా ఆవిడ ఒకరి వెనక ఒకరుగా నడిచి పోతుంటే, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు దారిచ్చి కాళ్ళు ముడుచుకున్నారు. ఎవరో తమ గొడుగు తమకిచ్చి పొమ్మని కేకేశారు. మలుపు దాకా తడి అడుగులు కనిపించాయి. చూస్తుండగానే ఆరిపోయాయి.

అతను తిరిగి చూసేసరికి భార్య గడప లోపలే ఉంది. రెండు కాళ్ళూ లోపలే. జుట్టు పొడిగా ఉంది. సంచీ కింద పెట్టింది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఎవరండీ మీరు?" అంది.

బస్సులో ఈ ప్రశ్నకు అతను జవాబులు వరసగా పేర్చుకున్నాడు. ఇప్పుడు అవన్నీ పక్కన పెట్టాడు. "ఈ ఇంట్లో ఉంటానండీ," అన్నాడు.

"అలాగా. ఏమీ అనుకోకండి. ఎక్కడికో బయల్దేరాను, ఎక్కడికో గుర్తు రావడం లేదు. ఇక్కడ ఆగినట్టున్నాను." ఆమె కిందికి చూసింది. గది నిండా నీళ్ళు. "వాన బాగా పడుతున్నట్టుంది."

ప్రతి వాక్యం చివరా క్రియ ఉంది. అతను అంకెలు సరిచూసుకున్నట్టు ఒక్కొక్కటీ సరిచూసుకున్నాడు. బయల్దేరాను. లేదు. ఆగినట్టున్నాను. ఒక్కటీ తప్పిపోలేదు.  తుండుగుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టాడు, ముఖం కనపడకుండా.

"మిషను ఉందే!" అంది ఆమె. "నాదీ కుట్టుపనేనండీ. మీ ఇంట్లో ఎవరు కుడతారు?"

"ఒకరు కుట్టేవారు."

"చెయ్యి మంచిదే. కానీ ఈ చొక్కాకు ఒక చెయ్యి వదిలేశారేమిటి?" ఆమె అప్పుడే కుర్చీ లాక్కుని కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అడిగింది. "మీరేం చేస్తారు?"

"పుస్తకాలు కుడతాను."

"అయితే బోలెడన్ని చదివుంటారు."

ముప్పై రెండేళ్ళ జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని అక్కడే ఆపి, తుండుగుడ్డ పిండి, "ఒక్కటి కూడా చదవలేదండీ," అన్నాడు.

ఆమె నవ్వింది. పెళ్ళైన కొత్తలో కూడా అతని మాటకు అంతలా నవ్విన గుర్తు లేదు. నవ్వుతూనే చక్రం తిప్పింది. మిషను కదిలింది.

"ఈ చెయ్యి కుట్టేస్తాను. ఊరికే కూర్చోవడమెందుకు," అంది. "వాన తగ్గగానే వెళ్ళిపోతాను."

వీధిలో ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది. అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు. కిటికీ రెక్కలు కూడా మూసి గడియ పెట్టాడు. లాంతరు వెలిగించి మిషను పక్కన పెట్టి, "ఇప్పట్లో తగ్గేలా లేదండీ," అన్నాడు.